మార్జరీ గారి ట్రాక్టరూ, నా ట్యూనింగూ

నేను చేసే ఉద్యోగం పేరు డేటాబేస్ పర్‌ఫార్మెన్స్ ట్యూనింగ్. లండన్ పక్కనున్న వాట్‌ఫర్డ్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో కూర్చుని, నత్తనడక నడిచే ప్రోగ్రాములు కాస్త చురుగ్గా నడిచేలా చూస్తాను. ఆ పనికి ఒక కుర్చీ, ఒక కీబోర్డు, అప్పుడప్పుడూ కప్పు టీ ఉంటే చాలు. చేతికి మసి అంటదు. అలాంటి నేను 2015 వసంతకాలంలో పక్కింటావిడ గేటు దగ్గర నిలబడి, "ట్యూనింగే కదా, నేను చేసి పెడతాను" అని ఎందుకన్నానో ఇప్పటికీ పూర్తిగా చెప్పలేను.

కొంతవరకు చెప్పగలను. అంతకు ముందు ఏడాదే వాట్‌ఫర్డ్‌లో ఫ్లాటు వదిలేసి, ఊరికి దూరంగా ఒక పల్లెలో ఇల్లు తీసుకున్నాం. నేను, మా ఆవిడ శివపార్వతి, మా అమ్మాయి అపూర్వ. పల్లె మొత్తానికి మేమొక్కళ్ళమే తెలుగువాళ్ళం. కలిసినవాళ్ళంతా మర్యాదగా మీదే ఊరు, మీవాళ్ళేం చేసేవాళ్ళు అని అడిగేవారు. మొదట్లో "తెనాలి దగ్గర, వ్యవసాయం" అని ఊరుకునేవాణ్ణి. అవతలివాళ్ళ మొహాల్లో గౌరవం కనిపించేసరికి మాట కొంచెం పెరిగింది. "నేను ట్రాక్టర్ మీదే పెరిగాను" అనడం మొదలుపెట్టాను. అబద్ధమేం కాదు. మా మావయ్యకి ట్రాక్టర్ ఉండేది. నన్ను మడ్‌గార్డ్ మీద కూర్చోబెట్టి, దేని మీదా చెయ్యి వెయ్యొద్దని గట్టిగా చెప్పి పొలానికి తీసుకెళ్ళేవాడు. నేను దేని మీదా చెయ్యి వెయ్యలేదు. ఆ మాట విన్నందుకు ఇంటికొచ్చాక మెచ్చుకునేవాళ్ళు కూడా.

పక్కింటావిడ పేరు మార్జరీ. డెబ్భై దాటిన మనిషి. ఆ పల్లె బళ్ళోనే చాలా ఏళ్ళు హెడ్‌మిస్ట్రెస్‌గా చేశారు. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషే అయినా, ఆ గొంతు నా చెవిన పడేటప్పటికి అచ్చం మా రాజ్యం అత్తయ్య మాటలాగే వినిపించేది. అందుకే ఇక్కడ అలాగే రాస్తున్నాను.

ఆవిడ పెరట్లో ఒక పెద్ద షెడ్డు, అందులో ఒక చిన్న బూడిదరంగు ఫెర్గూసన్ ట్రాక్టరు. యాభైల నాటిది. ఎవరిదో కొట్టంలో తుప్పు పట్టి పడివుంటే ఆవిడా, భర్తా కలిసి తెచ్చుకున్నారు. పని సగంలో ఉండగా ఆయన పోయాడు. మిగతా సగం ఆవిడ ఒక్కతే చేసింది. ఇంజను విప్పి, పిస్టన్లు మార్చి, మళ్ళీ బిగించి, రంగు వేసి, టైర్లు వేయించింది. ఒకసారి స్టార్టు కూడా చేసింది. నడిచిందిగానీ దగ్గుతూ, వణుకుతూ నడిచింది. ఇక మిగిలింది ట్యూనింగ్ ఒక్కటే అనుకుంటుండగా చలికాలంలో పెరట్లో మంచు మీద జారి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ప్లేటు వేశారు. స్క్రూడ్రైవర్ పట్టుకుంటే వేళ్ళు వణికేవి.

జూలైలో ఆవిడ మనవరాలు హానా పెళ్ళి. పెళ్ళికూతుర్ని ఆ ట్రాక్టరు వెనక బండిలో కూర్చోబెట్టి, తనే నడుపుకుంటూ చర్చికి తీసుకెళ్ళాలని ఆవిడ కోరిక. హానాది కూడా అదే కోరిక. చిన్నప్పటినుంచీ తాతయ్య చెబుతూ వచ్చిన మాట అది.

ఇదంతా గేటు దగ్గర విని నేను ఆ మాట అనేశాను. ఆవిడ నన్ను కాసేపు తేరిపార చూసి, "సరే, శనివారం రా" అంది.

ఇంట్లో చెబితే పార్వతి చేస్తున్న పని ఆపి నా వంక చూసింది.

"బాత్రూములో బల్బు పోయి ఎన్నాళ్ళయిందండీ?" అంది.

"అది వేరే రకం బల్బు. మామూలు షాపుల్లో దొరకదు."

"మరి ట్రాక్టరు సామాన్లు దొరుకుతాయా?"

నేను లాప్‌టాప్ తీసుకుని వీడియోలు చూడటానికి పైకి వెళ్ళిపోయాను. శనివారం వచ్చేటప్పటికి నాకు తెలియనిదంటూ ఏమీ మిగల్లేదు. కనీసం అలా అనిపించింది.

మొదటి శనివారం ఆవిడ ఇంజను పక్కనే నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. "ముందు కార్బొరేటర్ జోలికి పోవద్దు. టైమింగు చూద్దాం. ఆ చిన్న స్పానర్ తీసుకుని—"

"మీరు నిలబడకండి మార్జరీ, చెయ్యి నొప్పి పెడుతుంది" అన్నాను. తోటలోంచి ఒక కుర్చీ తెచ్చి షెడ్డు గుమ్మం దగ్గర వేశాను. "మీరు హాయిగా టీ తాగుతూ చూడండి. నేను చూసుకుంటాను."

ఆవిడ కుర్చీ వంక చూసింది. నా వంక చూసింది. కూర్చుంది. నేను ఎంత మర్యాదస్థుణ్ణో అని నాకే ముచ్చటేసింది.

ఆ ఇంజనుకు నాలుగు సిలిండర్లు. ఒక్కోదానికి నిప్పురవ్వ అందించే ప్లగ్గు ఒకటి. ఆ నాలుగు ప్లగ్గులకూ డిస్ట్రిబ్యూటర్ అనే గుండ్రటి డబ్బా మూత మీదినుంచి నాలుగు లావాటి తీగలు వస్తాయి. తీగలు దుమ్ముగా కనిపించాయి. శుభ్రంగా మొదలుపెడదామని నాలుగూ పీకి, గుడ్డతో తుడిచి, మళ్ళీ పెట్టాను. ఏ సిలిండరు తర్వాత ఏది వెలగాలో వీడియోలో చూసి కంఠస్థం చేశాను. ఒకటి, మూడు, నాలుగు, రెండు. అదే వరసలో పెట్టాను.

"ఏమయ్యా, మొదటి తీగ ఎక్కడ పెట్టావు?" అంది ఆవిడ కుర్చీలోంచి.

"ఒక్క నిమిషం మార్జరీ" అన్నాను. "వరస చూసుకునే పెట్టాను."

స్టార్టు చేశాను. ఇంజను రెండు చుట్లు మూలిగి, కార్బొరేటర్‌లోంచి పెద్ద చప్పుడుతో తుపాకీ పేలినట్టు పేలింది. నేను సరిగ్గా దాని ముందే వంగి చూస్తున్నాను. చర్చి గోపురం మీద కాకులన్నీ ఒక్కసారి లేచాయి. వీధి చివర ఎవరిదో కుక్క మొరగడం మొదలుపెట్టింది. తుడుచుకుందామని మొహం మీద చెయ్యి పెడితే ఇంకాస్త నల్లబడింది. గోడ అవతల మా అపూర్వ ఫోను పట్టుకుని నిలబడి ఉంది.

"డాడ్, డు దట్ అగైన్. ఐ మిస్డ్ ద ఫస్ట్ బిట్" అంది.

మళ్ళీ చేశాను, వీడియో కోసం కాదు, ఈసారి నడుస్తుందనుకుని. మళ్ళీ పేలింది. ఆ సాయంత్రానికి ఆ వీడియో వెంబ్లీలో ఉండే మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుకి చేరింది. నాతోపాటు ఇంజనీరింగ్ చదివిన చలపతి ఫోను చేశాడు.

"ఏరా పార్థూ, మీ ఊళ్ళో దీపావళి మన కంటే ముందొస్తుందా?" అన్నాడు.

"పాత ఇంజన్లు అలాగే ఉంటాయిరా. దాని నాడి పట్టుకోవాలి" అన్నాను.

"పట్టుకో, పట్టుకో. మొహం మాత్రం కొంచెం దూరంగా పెట్టుకో."

ఆ తర్వాత వరసగా ప్రతి శనివారమూ నాడి పట్టుకున్నాను. కొత్త ప్లగ్గులు వేశాను. కాయిల్ మార్చాను. కార్బొరేటర్ విప్పి కొత్త టూత్‌బ్రష్‌తో తోమాను. డిస్ట్రిబ్యూటర్‌ని అటు తిప్పాను, ఇటు తిప్పాను. ఇప్పటి పెట్రోలు ఆ కాలం ఇంజన్లకి పడదని పెట్రోలు మీద నేరం మోపాను. ఒక వారం గాలిలో తేమ ఎక్కువైందన్నాను. ఆఫీసులో వైట్‌బోర్డు మీద ఇంజను బొమ్మ వేసి, మా టీమ్‌తో లంచ్ టైములో రూట్ కాజ్ అనాలిసిస్ కూడా చేయించాను. తలా ఒక కారణం చెప్పారు. అందరివీ రాశాను. ట్రాక్టరు మాత్రం పేలడం మానలేదు.

మార్జరీ గారు ప్రతిసారీ వచ్చి కుర్చీలో కూర్చునేది. మొదట్లో మధ్యమధ్య ఏదో అనబోయేది. "ఒక్క నిమిషం" అనేవాణ్ణి. పొగ తగులుతుందేమోనని కుర్చీ గుమ్మం బయటికి జరిపాను. మరో వారం ఎందుకైనా మంచిదని పచ్చిక మీదికి మార్చాను. చివరికి అది పెరటి చివర ఆపిల్ చెట్టు కిందికి చేరింది. అక్కణ్ణుంచి ఆవిడకి కనిపించేది నా వీపు ఒక్కటే. ఆ తర్వాత ఒక శనివారం ఆవిడ అసలు బయటికి రాలేదు. ఉన్న మాట చెప్పాలంటే నాకు కొంచెం ప్రాణం తెరిపిన పడింది. చూసేవాళ్ళు లేకపోతే పని నిమ్మళంగా చేసుకోవచ్చు కదా అనుకున్నాను. నిమ్మళంగానే పేలింది.

పెళ్ళి దగ్గర పడింది. ఒకరోజు సాయంత్రం నేనే వెళ్ళి, తెల్ల కారొకటి అద్దెకు మాట్లాడి ఇస్తానని చెప్పాను. రిబ్బన్లు కూడా వాళ్ళే కడతారన్నాను. ఆవిడ పొయ్యి మీద కెటిల్ వంకే చూస్తూ, "అలాగేనయ్యా, నీ ఇష్టం" అంది. ఏదో ఒక వాదన పెట్టుకుంటుందనుకుని సిద్ధపడి వెళ్ళినవాణ్ణి, ఆ మాటకి ఏం చెయ్యాలో తెలియక థాంక్స్ చెప్పి వచ్చేశాను.

పార్వతి హాస్పిటల్లో ఫిజియోథెరపిస్టు. డ్యూటీ లేకుండా సెలవు పడిన రోజుల్లో మార్జరీ గారింటికి వెళ్ళి మణికట్టు వ్యాయామాలు చేయించి వచ్చేది. ఆ మర్నాడు అలాగే వెళ్ళింది. తిరిగొచ్చి చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లో నా ఎదురుగా కూర్చుంది.

"ఆవిడ మిమ్మల్నే ఎందుకు రమ్మందో తెలుసా?" అంది.

"ట్రాక్టర్లతో నాకు అలవాటుందని."

"మీకేమీ తెలియదని."

నేను నవ్వాను. పార్వతి నవ్వలేదు.

"మొదట ఇక్కడి పాత ట్రాక్టర్ల క్లబ్బువాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చారంట. అంతా తెలిసినవాళ్ళేనంట. ఒక్కొక్కళ్ళూ వచ్చి, మీరు కూర్చోండమ్మా, మేం చూసుకుంటాం అన్నారంట. దాన్ని నట్టు నట్టుగా బిగించింది తను. తన షెడ్డులో తనని పక్కకి జరగమన్నారని వాళ్ళని పంపించేసింది. తర్వాత మీరొచ్చారు. మీరు స్పానర్ పట్టుకున్న తీరు చూడగానే అర్థమైందంట, ఈ మనిషికి ఏమీ రాదని. ఏమీ రానివాడైతే చెప్పింది వింటాడు, నా చేతులు పనిచెయ్యకపోయినా వీడి చేతులతో చేయించుకోవచ్చు అనుకుందంట."

నేను బల్ల మీద మరకొకటి వేలితో గీకడం మొదలుపెట్టాను.

"మీరు వెళ్ళీ వెళ్ళగానే కుర్చీ వేశారు" అంది పార్వతి.

"మరి ఆవిడ గట్టిగా చెప్పచ్చు కదా. హెడ్‌మిస్ట్రెస్ ఆవిడ."

"అదే అడిగాను. ఇంతమంది ఒకటే మాట అంటుంటే, తనకే అనుమానం వచ్చిందంట. చేతులతోపాటు బుర్ర కూడా పాతబడిందేమో, వాళ్ళు చెప్పేదే నిజమేమో అని. మణికట్టు బాగానే వస్తోందండీ. ఆవిడే డీలా పడిపోయింది. నేను అక్కడే చూస్తున్నాను కదా."

పార్వతి లేచి చెప్పులు విప్పడానికి వెళ్ళింది. నేను అక్కడే కూర్చున్నాను. క్లబ్బువాళ్ళకి కనీసం పని వచ్చు. నాది పని రాకుండానే పక్కకి నెట్టడం. ఆ కుర్చీ ఆపిల్ చెట్టు దాకా వెళ్ళిన దారంతా కళ్ళ ముందు కనిపించింది. ప్రతిసారీ దాన్ని జరుపుతూ ఆవిడకి ఎండ తగలకుండా గొడుగు కూడా పెట్టానన్నది గుర్తొచ్చి మరీ సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకి సెలవు చెప్పి వెళ్ళాను. తలుపు తీసిన మార్జరీ గారితో, "నాకేమీ రాదు. మీరు చెప్పండి, నేను చేస్తాను" అన్నాను. ఇంకా పెద్ద క్షమాపణే తయారుచేసుకుని వెళ్ళానుగానీ, ఆవిడ దాకా వచ్చేసరికి అంతే మిగిలింది.

"ఈ మాట ఏప్రిల్లోనే అనాల్సింది" అంది ఆవిడ. లోపలికెళ్ళి పాత కోటు తొడుక్కుని వచ్చింది. షెడ్డులో కుర్చీ వెయ్యబోతే, "అక్కర్లేదు" అంది.

ఇంజను పక్కన నిలబడి నాలుగు తీగలూ, నాలుగు ప్లగ్గులూ చూసింది. "మొదటి ప్లగ్గు విప్పు" అంది. విప్పాను. ఆ కన్నం మీద తన ఎడమచేతి బొటనవేలు గట్టిగా అదిమి పెట్టింది. "ముందుకెళ్ళి హ్యాండిల్ తిప్పు. మెల్లగా. బొటనవేలు మిగతా వేళ్ళ వైపే ఉంచుకో, వెనక్కి తన్నిందంటే విరుగుతుంది."

మెల్లగా తిప్పాను. కొంచెం తిరిగాక ఆవిడ వేలు కింద గాలి బుస్సుమంది.

"ఆగు. ఇదీ మొదటి సిలిండరు నిప్పు అడిగే సమయం. ఇప్పుడు డబ్బా మూత తీసి చూడు. లోపల తిరిగే ముల్లు ఏ తీగ వైపు చూస్తోంది?"

చూశాను. ముల్లు మొదటి తీగ వైపు చూడటం లేదు. సరిగ్గా దానికి ఎదురుగా ఉన్న నాలుగో తీగ వైపు చూస్తోంది. వరస తప్పలేదు. ఒకటి, మూడు, నాలుగు, రెండు, అన్నీ సరైన క్రమంలోనే ఉన్నాయి. మొదలే తప్పు చోట పెట్టాను. దాంతో ప్రతి సిలిండరుకీ నిప్పు అందాల్సినప్పుడు కాకుండా సగం దారి దాటాక అందుతోంది. మొదటి శనివారం ఆవిడ అడిగింది ఆ ఒక్క మాటే.

"మూతలో అన్ని తీగలూ సగం చుట్టు అవతలికి మార్చు" అంది.

మార్చాను. నేను అటూ ఇటూ తిప్పి పాడుచేసిన టైమింగుని సరిచెయ్యడానికి ఒక చిన్న బల్బు తగిలించమంది. డిస్ట్రిబ్యూటర్‌ని వెంట్రుకవాసి చొప్పున తిప్పించి, బల్బు వెలిగిన చోట బిగించమంది. బాత్రూములో బల్బుకన్నా ఇది వేగంగా పెట్టానని తర్వాత పార్వతికి చెప్పానుగానీ తను దాన్ని మెచ్చుకోలుగా తీసుకోలేదు.

స్టార్టు చేశాను. అలవాటుగా మొహం పక్కకి తిప్పుకున్నాను. పేలలేదు. దగ్గింది, వణికింది, ఆగకుండా నడిచింది. ఇంజను వేడెక్కేదాకా ఆవిడ ఏమీ చెయ్యనివ్వలేదు. తర్వాత నన్ను కార్బొరేటర్ దగ్గర మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, స్క్రూడ్రైవర్ ఇచ్చి, తను బానెట్ మీద అరచెయ్యి ఆనించి తల వంచింది.

"లోపలికి పావు చుట్టు."

తిప్పాను. ఇంజను గొంతు పట్టేసినట్టయింది.

"వెనక్కి. ఇంకొంచెం. తొందరపడకు, అది సర్దుకోవాలి. ఇప్పుడు పక్క స్క్రూ, వేగం తగ్గించు. ఊఁ. మళ్ళీ మొదటిది, చిటికెడు."

నాకైతే ఆ చప్పుడులో తేడా మొదట తెలియలేదు. కాసేపటికి తెలిసింది. కుంటుతున్న మనిషి అడుగు మెల్లగా సమానంగా పడటం మొదలైనట్టు, నాలుగు దెబ్బలూ ఒకదాని వెనక ఒకటి ఎడం తప్పకుండా పడసాగాయి. మడ్‌గార్డు మీద పెట్టిన టీ కప్పు గలగలలాడటం మానేసింది.

"వదిలెయ్" అంది ఆవిడ. నేను చెయ్యి తీసేశాను. ఆవిడ చెయ్యి మాత్రం బానెట్ మీదే ఉంది. అలాగే నిలబడి చాలాసేపు వింది. నేను మోకాళ్ళ మీదే ఉండిపోయాను. లేవాలంటే పట్టుకోవడానికి ఏదీ చల్లగా లేదు.

పెళ్ళిరోజు మబ్బు పట్టిందిగానీ వాన పడలేదు. ట్రాక్టరు వెనక చిన్న బండిలో గడ్డిమోపులు, వాటి మీద తెల్ల దుప్పటి, దాని మీద హానా. మార్జరీ గారు ఊదారంగు టోపీ పెట్టుకుని, మణికట్టుకి పట్టీ వేసుకుని స్టీరింగు ముందు కూర్చుంది. నేను కొత్త సూటు వేసుకుని పక్కన నడిచాను. ఊరంతా వాకిళ్ళలోకి వచ్చి చూస్తోంది. ఇంజను బ్రహ్మాండంగా నడుస్తోంది. నలుగురు చూస్తుండేసరికి నా నడకలో కొంచెం ఠీవి వచ్చిన మాట వాస్తవం.

చర్చి మెట్ట సగం ఎక్కాక ఇంజను రెండు మూడుసార్లు తడబడి ఆగిపోయింది. నా గుండె కూడా దాదాపు ఆగింది. గబగబా తీగలన్నీ తడిమి చూశాను. కార్బొరేటర్ ముందు వంగాను. మార్జరీ గారు వెనక్కి తిరక్కుండానే, "పార్థా, పెట్రోలు ట్యాపు" అంది.

రాత్రి జాగ్రత్త కోసమని నేనే కట్టేశాను. తెరవడం మరిచిపోయాను. కార్బొరేటర్‌లో మిగిలిన నాలుగు చుక్కలతో అందాకా వచ్చాం. ట్యాపు తిప్పి లేచేసరికి సూటు మోచెయ్యి నల్లగా అయింది. హానా గడ్డిమోపు మీద పడి పడి నవ్వింది. ఇంజను మళ్ళీ అందుకుంది. చర్చి గుమ్మం ముందు ట్రాక్టరు ఆగినప్పుడు, పెళ్ళికొడుకు తరఫువాళ్ళు కూడా ముందు అమ్మమ్మకే చప్పట్లు కొట్టారు.

విందులో క్లబ్బాయన ఒకడు నా దగ్గరికి వచ్చి చెయ్యి కలిపాడు. "అంత మెల్లని వేగంలో అంత నిలకడగా నడిచే ఫెర్గీని ఈ మధ్య వినలేదు. టైమింగు ఎంతలో పెట్టారు?" అన్నాడు.

"నాకు తెలియదు. ట్యూన్ చేసింది ఆవిడ" అన్నాను.

ఆయన నేను వినయం చూపిస్తున్నాననుకుని నవ్వాడు. "నిజంగానే తెలియదు" అన్నాను. పార్వతి పక్కనుంచి, "ఈయనకి నిజంగానే ఏమీ తెలియదండీ" అని ఇంగ్లీషులో గట్టిగా సాక్ష్యం చెప్పింది. ఆయన కాస్త తటపటాయించి, గ్లాసు పట్టుకుని మార్జరీ గారి టేబుల్ దగ్గరికి వెళ్ళాడు. కాసేపటికి ఆవిడ మెనూ కార్డు వెనక బొమ్మ గీసి చూపిస్తుంటే, ఆయన వంగి వింటున్నాడు. కూర్చోవడానికి ఆయనకి కుర్చీ దొరకలేదు. ఆవిడా చూపించలేదు.

ఆకులు రాలే కాలానికి మణికట్టు బాగా స్వాధీనంలోకి వచ్చింది. ఇక నా చేతుల అవసరం లేదు. అయినా శనివారాలు వెళ్తూనే ఉన్నాను. నట్లు కిరసనాయిల్లో కడగడం, గుడ్డ అందించడం నాకు అప్పగించిన పనులు. మార్జరీ గారు ట్రాక్టరు నడపడం పార్వతికి నేర్పింది, నాకు కూడా నేర్పబోయిందిగానీ మొదటి రోజే నేను ఆవిడ బీట్‌రూట్ మడి మీదినుంచి వెళ్ళడంతో ఆ పాఠం అక్కడితో ఆగింది.

నవంబరులో ఒకరోజు ఫోను చేసి, బకింగ్‌హామ్‌షైర్ వైపు ఎవరి కొట్టంలోనో ఇంకో పాత ట్రాక్టరు పడివుందట, చూసొద్దాం కారు తియ్యమంది. వెళ్ళాం. టార్పాలిన్ కింద ఎర్రగా, ముక్కలు ముక్కలుగా ఉంది. ఇంజను మీద ఏదో పక్షి గూడు పెట్టింది. దాన్ని చూసి నాకు చాలా అభిప్రాయాలు కలిగాయిగానీ ఏదీ బయటికి చెప్పలేదు. ఆవిడ కోటు మడిచి నాకిచ్చి, నేల మీద గోనె పరుచుకుని, దాని కింద దూరింది.

"టార్చి కొంచెం ఎడమకి పట్టు" అంది లోపలినుంచి.

ఎడమకి పట్టాను.